గవిని వెలుపట: సిలువ ధ్యాన ఆరాధనను సిద్ధం చేయడం ఎలా?

శుభ శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే ఆరాధన బాధ్యత ఈసారి మీ మీద పడిందా? కమిటీ సమావేశం ముగిసే వేళకు అయ్యగారు (పాస్టరుగారు) మీ వైపు చూసి "ఈసారి మీరు చూసుకోండి" అన్నారంటే మీ చేతిలో ఇంకా అయిదారు వారాలు ఉండి ఉంటాయి. అది చాలినంత సమయమే. కాకపోతే హైదరాబాద్‌లో ఆ వారాలు ఫ్లెక్సీకి, సౌండు సిస్టమ్‌కు, ముఖ్య ప్రసంగీకుడి తేదీలకు ఖర్చయిపోతాయి. సిలువ గురించి ఆలోచించడానికి చివరి రెండు రోజులు మిగులుతాయి. ఆ వరుసను తిరగేయండి.

ముందు నా తప్పు చెబుతాను. సికింద్రాబాద్‌లోని మా సంఘంలో మొదటిసారి ఏర్పాట్లు చూసిన ఏడాది, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులను పిలిచాను. ఆరాధన మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు. ఎవరికీ నిమిషాల లెక్క చెప్పలేదు. పెద్దవాళ్లకు ఎలా చెబుతామని మొహమాటం. మొదటి మాట అందుకున్నాయన క్షమాపణ గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. రెండో ఆయన వెనకపడకూడదనుకున్నట్టున్నారు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి రెండున్నర దాటింది. ఆ మాట కోసం నెల రోజులు సిద్ధపడి వచ్చిన టీచరుగారికి నాలుగు నిమిషాలు ఇచ్చాం. ఆమె కాగితాలు మడిచి పర్సులో పెట్టుకుని, వాక్యం మాత్రం చదివి దిగిపోయారు. "సమాప్తమైనది" అన్న మాట మైకులో వినిపించేటప్పటికి నాలుగు కావస్తోంది. వెనక బెంచీలో ఎవరో "హమ్మయ్య" అన్నారు. పిల్లలు నవ్వారు, పెద్దలూ నవ్వారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఆ తర్వాత నేను చేసిన ప్రతి ఏర్పాటూ ఆ "హమ్మయ్య" మళ్లీ వినకుండా ఉండడానికే.

మొదటి పని: ఒక్క అర్థాన్ని పట్టుకోండి

సిలువకు ఒకే అర్థం లేదు. కొత్త నిబంధనలోనే ఎన్నో ఉన్నాయి. పేతురు తన మొదటి పత్రికలో మన పాపాలను మ్రానుమీద మోసినవాడి గురించి రాస్తాడు (2:24). పౌలు కొలొస్సయులకు రాసినప్పుడు సిలువ ఒక విజయోత్సవం (2:15). రోమీయులకు రాసినప్పుడు దేవుని ప్రేమకు రుజువు (5:8). ఎఫెసీయులకు రాసినప్పుడు యూదులు, యూదేతరులు అనే రెండు జాతుల మధ్య గోడ కూలిన చోటు (2:14-16). పదకొండో శతాబ్దం చివర ఆన్సెల్మ్ అనే క్రైస్తవ వేదాంతి దాన్ని తీర్చలేని రుణానికి చెల్లింపుగా వివరించాడు. తర్వాతి తరంలో అబెలార్డ్ అనే మరో వేదాంతి, మనలో ప్రేమను పుట్టించే ప్రేమగా చూశాడు. ఇవన్నీ ఒకే మధ్యాహ్నం చెప్పబోతే పెళ్లి విందులో అన్ని కూరలూ ఒకే విస్తట్లో కలిపి వడ్డించినట్టే ఉంటుంది.

కాబట్టి ఒక్కటి ఎంచుకోండి. ఎంచుకునే ముందు మీ సంఘంలో వయసు మళ్లిన ముగ్గురి ఇళ్లకు వెళ్లండి. "సిలువ అనగానే మీకు ముందు ఏది గుర్తొస్తుంది?" అని అడిగి, వాళ్లు చెప్పింది వినండి. నోట్సు రాసుకోవద్దు. చేతిలో పెన్ను కనిపిస్తే వాళ్లు ప్రసంగం మొదలుపెడతారు.

మాకు దారి దొరికింది ఇలాగే. నల్గొండ వైపు ఒక పల్లె నుంచి యాభై ఏళ్ల క్రితం నగరానికి వచ్చిన ఒక పెద్దమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండానే అన్నారు: "మా ఇంటికి రావాలంటే ఊరు దాటి రావాలి బాబూ. పెద్దవాళ్లెవరూ వచ్చేవాళ్లు కాదు. ఆయన ఊరు దాటి వచ్చాడు." నాకు వెంటనే హెబ్రీయులకు రాసిన పత్రిక పదమూడో అధ్యాయం, పన్నెండో వచనం గుర్తొచ్చింది: యేసు "గవిని వెలుపట శ్రమపొందెను." గవిని అంటే కోట గుమ్మం, పట్టణపు వాకిలి. మా యువజన కార్యదర్శి అది ఏదో ఊరి పేరనుకున్నాడు. తెలుగు క్రైస్తవుల్లో ఎంతమంది తాతముత్తాతలు ఊరి బయట వాడల్లో పుట్టి, ఊరి బావికి దూరంగా బతికారో తలచుకుంటే, ఆ పాత మాటకు అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కర్లేదు.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ ఒక్క వచనాన్ని పట్టుకుని అల్లినదే. మీరు మరో అర్థం ఎంచుకుంటే వివరాలు మారతాయి, పద్ధతి మారదు.

ప్రసంగీకులకు పనికొచ్చే నేపథ్యం కొంత చెబుతాను. రోమన్లు సిలువను పట్టణాల బయట, దారి పక్కన, వచ్చే పోయేవాళ్లకు కనపడేలా నిలబెట్టేవారు. అది ముఖ్యంగా బానిసలకు, తిరుగుబాటుదారులకు వేసే శిక్ష. క్రీస్తుపూర్వం 71లో స్పార్టకస్ నడిపిన బానిసల తిరుగుబాటు అణిచాక, కాపువా పట్టణం నుంచి రోము వరకు ఆపియన్ రహదారి పొడుగునా ఆరు వేల మందిని సిలువ వేశారు. రోములోని పాలటైన్ కొండ మీద దొరికిన ఒక పాత గోడ గీతలో, గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద ఉంటాడు. కింద ఒకడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. "అలెక్సమెనోస్ తన దేవుణ్ణి ఆరాధిస్తున్నాడు" అని పక్కన వెక్కిరింత. మనం బంగారంతో చేయించుకుని మెడలో వేసుకునేది అప్పటివాళ్లకు నోరెత్తి చెప్పుకోలేని అవమానం. ఈ సంగతి ఒక్కసారి చెప్పండి చాలు, చరిత్ర పాఠంగా మార్చకండి.

రెండో పని: వేళ

శుభ శుక్రవారం మార్చి 20కి, ఏప్రిల్ 23కి మధ్య ఎప్పుడైనా రావచ్చు. హైదరాబాద్‌లో దాని అర్థం ఎండ. అందుకే వేళ నిర్ణయించడం చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు జరిగే మూడు గంటల ఆరాధన మనకు అలవాటైనదే. సువార్తల్లో దేశమంతా చీకటి కమ్మిన వేళ అది. అయితే ఏడు మాటల వరుసతో ఈ ఆరాధన సువార్తలంత పాతది కాదు. పెరూ దేశంలోని లీమా నగరంలో 1687 భూకంపం తర్వాత జెస్యూట్ అనే కతోలిక సభ గురువులు మొదలుపెట్టిన అలవాటు, అక్కడి నుంచి పాకింది. భూమి కంపించిన ఊళ్లో పుట్టిన ఆరాధన అని తెలిస్తే దాన్ని కాస్త మెల్లగా నడిపించాలనిపిస్తుంది.

గచ్చిబౌలి, మియాపూర్ వైపు సంఘాల్లో విదేశీ కంపెనీలకు పనిచేసేవాళ్లు ఎక్కువ. కొందరికి ఆ రోజు సెలవు ఉండదు. అలాంటి చోట సాయంత్రం ఆరున్నరకు గంటంబావు ఆరాధన పెట్టుకోవచ్చు. ఏడు కొవ్వొత్తులు వెలిగించి ఒక్కో మాటకు ఒక్కోటి ఆర్పే పద్ధతి సాయంత్రానికే నప్పుతుంది. ఏప్రిల్ మొదట్లో ఇక్కడ సూర్యుడు అస్తమించేది ఆరున్నర ప్రాంతంలోనే. మీరు మూడో కొవ్వొత్తి ఆర్పేసరికి బయట నిజంగానే చీకటి పడుతుంది. మధ్యాహ్నం చేస్తే కొవ్వొత్తి ఆరిందో లేదో మూడో బెంచీకే తెలియదు. ఇంకో మాట, ఫ్యాన్లు. పైన ఫ్యాను తిరుగుతుంటే మీరు ఆర్పకుండానే ఏడూ ఆరిపోతాయి. గాజు చిమ్నీలు పెట్టండి, లేదా బల్ల ఉన్న వైపు ఫ్యాన్లు మాత్రం ఆపండి. అన్నీ ఆపితే జనం వాక్యం వదిలేసి పాటల పుస్తకాలతో విసురుకుంటారు.

మధ్యాహ్నం పెట్టుకుంటే మరో సంగతి: అది శుక్రవారం. చుట్టుపక్కల మసీదుల్లో జుమా నమాజు మీ ఆరాధన మధ్యలోనే పడుతుంది. రంజాన్ నెల కూడా కలిసిన ఏళ్లు ఉన్నాయి. 2022, 2023, 2024 వరుసగా అలాగే వచ్చాయి. పక్క వీధిలో మసీదు ఉంటే వారం ముందు వెళ్లి కమిటీవాళ్లతో మాట్లాడండి. బండ్లు ఎవరివి ఎక్కడ పెట్టాలో పది నిమిషాల్లో తేలిపోతుంది. హనుమాన్ జయంతి, శ్రీరామనవమి శోభాయాత్రలు కూడా ఈ రోజుల్లోనే వస్తాయి. రోడ్లు ఎప్పుడు మూస్తారో ముందే తెలుసుకోండి.

మూడో పని: నిమిషాలు

మూడు గంటలంటే నూట ఎనభై నిమిషాలు. ప్రారంభానికి ఇరవై, ముగింపుకు ఇరవై తీసేయండి. మిగిలిన నూట నలభైని ఏడుకు పంచితే ఒక్కో మాటకు ఇరవై. ఆ ఇరవైలో వాక్యపఠనం రెండు, ధ్యానం ఎనిమిది, మౌనం రెండు, ప్రార్థన మూడు, పాట అయిదు. ఇదీ లెక్క. దీన్ని కాగితం మీద అచ్చు వేయించి ప్రతి ప్రసంగీకుడికీ రెండు వారాల ముందే ఇవ్వండి. "ఇంట్లో ఒకసారి పైకి చదివి గడియారం చూసుకోండి అయ్యా" అని నోటితోనూ చెప్పండి. ఏడవ నిమిషంలో ముందు బెంచీలో కూర్చున్న వ్యక్తి లేచి నిలబడతాడని కూడా ముందే చెప్పండి. అలా నిలబడే పనికి మొహమాటం లేని మనిషిని వెతకాలి. మా సంఘంలో ఆ పని రిటైరైన స్టేషన్ మాస్టరుగారిది. ఆయన లేచారంటే బండి కదలాల్సిందే.

ఏడుగురు ప్రసంగీకులు అవసరమా? నా మట్టుకు వద్దనే అంటాను. ఇద్దరు చాలు, ముగ్గురు మరీ మంచిది. మిగతా మాటలకు ప్రసంగమే అక్కర్లేదు. "నేను దప్పిగొనుచున్నాను" అన్న అయిదో మాటకు ఒక ఏడాది మేం వాక్యం చదివి, ఖాళీ మట్టి ముంతను బల్ల మీద బోర్లించి ఊరుకున్నాం. బయట ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండ. చాలామంది ఉపవాసం. ఎవరూ ఏమీ వివరించలేదు. ఆ ఎనిమిది నిమిషాలూ మౌనమే.

ప్రసంగీకుల్లో కనీసం ఒకరు స్త్రీ అయి ఉండాలి. సిలువ దగ్గర స్త్రీలు నిలిచి ఉన్నారని నాలుగు సువార్తలూ చెబుతున్నాయి. "అమ్మా, యిదిగో నీ కుమారుడు" అన్న మూడో మాటను స్త్రీల మైత్రి (సంఘంలోని స్త్రీల కూటమి) నుంచి ఒకరు చెబితే, అదే వాక్యం కొత్తగా వినిపిస్తుంది.

శాలువాలు, పూలదండలు, వేదిక మీద అతిథుల పరిచయం ఆ రోజు వద్దు. ఇక్కడ మీకు వ్యతిరేకత వస్తుంది. "మర్యాదగా ఉండదు" అంటారు. మర్యాదను ఆదివారం చేసుకుందామని చెప్పండి.

నాలుగో పని: వాక్యపఠనం

ప్రారంభంలో యోహాను సువార్త పంతొమ్మిదో అధ్యాయం మొదటి ముప్పై వచనాలను గొంతులు పంచుకుని చదివించండి. కథ చెప్పే గొంతు ఒకటి, యేసు, రోమా అధిపతి పిలాతు, సైనికులు. గుంపు మాటలు సంఘమంతా చదవాలి. "సిలువవేయుము" అన్న కేక మన నోటి నుంచే రావాలి. అది ఎవరో దూరదేశపువాళ్ల తప్పు అని చేతులు దులుపుకునే వీలు అప్పుడు ఉండదు. ఈ సందర్భంలో ప్రసంగీకులకు ఒక జాగ్రత్త చెప్పండి. యోహాను "యూదులు" అన్న మాటను పట్టుకుని ఒక జాతి మొత్తాన్ని దోషిగా చూపించిన ప్రసంగాలు చరిత్రలో ఎంతో రక్తం చిందించాయి. యేసు, ఆయన తల్లి, శిష్యులు అందరూ యూదులే.

చదివేవాళ్లను వారం ముందు పిలిచి మైకు దగ్గర నిలబెట్టి చదివించండి. బైబిలు పాత తెలుగు అనువాదంలో వాక్యాలు పొడవు, క్రియ చివరికి గానీ రాదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోమనండి. వేగంగా చదవడం వేరు, బాగా చదవడం వేరు. సండే స్కూలు పిల్లల్లో అక్షరం అక్షరం జాగ్రత్తగా పలికేవాళ్లు ఉంటారు. కాలేజీ కుర్రాళ్ల కంటే చాలాసార్లు వాళ్లే మేలు.

నాకు ఇష్టమైన చోటు ఒకటి చెబుతాను. సిలువ మీద పిలాతు రాయించి పెట్టించిన పలక మూడు భాషల్లో ఉందని యోహాను రాశాడు: హెబ్రీ, రోమా, గ్రీకు. మా కాంపౌండులోనే తెలుగు ఆరాధనకు ముందు ఇంగ్లీషు ఆరాధన జరుగుతుంది. వెనక వీధిలో తమిళ సంఘం ఉంది. కాబట్టి పలక మీది మాటలున్న పంతొమ్మిదో వచనాన్ని తెలుగు, తమిళం, ఉర్దూ భాషల్లో ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు చదివారు. ఉర్దూలో చదివినాయన నాంపల్లి వైపు మెకానిక్. ఆయన ముందు వరసలోకి వచ్చి మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. హైదరాబాద్‌లో ఈ వచనం కోసం మనుషులను దూరం నుంచి తెచ్చుకోనక్కర్లేదు.

గాయాల వర్ణన మాట కూడా చెప్పాలి. మేకులు ఎంత పొడవు, నరాలు ఎలా తెగాయి అని అరగంట చెప్పే అలవాటు మన ప్రసంగాల్లో బాగా ఉంది. సువార్తలు మాత్రం సిలువ వేసిన క్షణాన్ని రెండు మూడు మాటల్లో దాటేస్తాయి. మేకుల ప్రస్తావన అక్కడ లేనే లేదు. అది వచ్చేది తర్వాత, యోహాను ఇరవయ్యో అధ్యాయంలో శిష్యుడైన తోమా అనుమానపడినప్పుడు. సువార్తికులు ఆపిన చోట మనమూ ఆగుదాం. ముందు వరసలో ఆరేళ్ల పిల్లలు కూర్చుని ఉంటారు.

అయిదో పని: పాటలు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే శ్రమల కీర్తనల పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి కవులు పంతొమ్మిదో శతాబ్దంలో రాసినవి అందులో ఎన్నో. వాటిని కీబోర్డులో ముందే నింపిపెట్టిన దరువు మీద పాడితే ఆ రాగం ఊపిరాడక చస్తుంది. ఆ ఒక్క రోజు డ్రమ్సు, దరువు ఆపేయండి. తబలా ఉంటే చాలు. ఒక కీర్తనకైతే అదీ వద్దు, వట్టి గొంతులే. శ్రుతి కాస్త దించండి. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లు పైస్థాయి పాడలేరు.

కీర్తనలో కథ చరణం నుంచి చరణానికి నడుస్తుంది. సమయం లేదని పల్లవి, రెండు చరణాలు పాడి వదిలేస్తే యేసును పిలాతు ముందే నిలబెట్టి వచ్చేసినట్టు. తక్కువ పాటలు తీసుకుని పూర్తిగా పాడండి. యువకులకు పాత కీర్తనలు రావు, పెద్దలకు తెర మీద వచ్చే కొత్త పాటలు పట్టవు. రెండు శనివారాలు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి నేర్పించండి. జయధ్వానాల పాటలు ఒక్కటి కూడా వద్దు. పునరుత్థానం ఆదివారం ఎలాగూ వస్తుంది. శుక్రవారానికి దాన్ని లాక్కొచ్చి జనాన్ని ఊరడించాలన్న తొందర మనకే, సువార్తలకు లేదు.

ఆరో పని: కర్ర

సిలువను అద్దెకు తేవద్దు. థర్మోకోలుతో చేసి వెండిరంగు పూసి సీరియల్ బల్బులు చుట్టడం అసలు వద్దు. మేం మొదట బోయిగూడ టింబరు డిపోలకు వెళ్లి మంచి కలప ధర అడిగి భయపడి వచ్చేశాం. ఆ తర్వాత మా సంఘంలోని తాపీమేస్త్రి ఒకరు, పక్క అపార్ట్‌మెంటు పూర్తయ్యాక మిగిలిన సెంట్రింగు కర్రలు ఇప్పించారు. వాటి మీద సిమెంటు మరకలు, మేకుల రంధ్రాలు, ఒక చోట ఎవరో కూలీ బొగ్గుతో రాసుకున్న లెక్క ఉన్నాయి. కడగబోతే ఆయనే ఆపారు. ఈ నగరాన్ని నిలబెట్టిన కర్ర అది. ఎత్తిన చేతులు చాలావరకు ఊరి బయట నుంచి వచ్చినవే. మన అంశానికి ఇంతకంటే ఏం కావాలి?

కొలతలు: నిలువు ఎనిమిది అడుగులు, అడ్డం అయిదు అడుగులు. కలిసే చోట రెండింటినీ సగం సగం చెక్కి ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టి బోల్టు బిగిస్తే కదలదు. మేకులతో సరిపెడితే మోసేటప్పుడు ఊగి ఎవరి భుజమైనా గీరుకుంటుంది. ఇద్దరు సులువుగా మోయగలిగేంత బరువే ఉండాలి. చేత్తో నిమిరి చూసి, పేళ్లు లేచిన చోట మాత్రం గరుకు కాగితం వేయండి. నిలబెట్టడానికి ఇసుక నింపిన పెయింటు డబ్బా చాలు. నల్లగుడ్డో, ఊదాగుడ్డో కావాలంటే జనరల్ బజారులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. మా కర్రకు ఏ గుడ్డా కట్టలేదు.

మోసేవాళ్లను ఎంచేటప్పుడు కురేనీయుడైన సీమోనును గుర్తుంచుకోండి. పల్లెటూరి నుంచి వస్తూ దారినపోయేవాణ్ణి పట్టుకుని యేసు సిలువను మోయించారు. కమిటీ సభ్యులే వరస కట్టకుండా చూడండి. కాంపౌండు ఊడ్చే అమ్మ, వాచ్‌మన్, మొన్ననే సంఘానికి వచ్చి ఎవరికీ పేరు తెలియని కుర్రాడు, వీళ్లను ముందు అడగండి. బలవంతపెట్టవద్దు. మా వాచ్‌మన్ మొదట నవ్వి తప్పుకున్నాడు. మధ్యాహ్నం తనంతట తనే వచ్చి చెప్పులు విప్పి నిలబడ్డాడు.

వీలైతే శ్రమల కాలంలో (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాల్లో) ఒక శనివారం యువకులను మెదక్ తీసుకెళ్లండి. నగరం నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. 1924లో ప్రతిష్ఠించిన అక్కడి కెథెడ్రల్‌ను, అంటే పెద్ద చర్చిని, కరువు రోజుల్లో పనికి ఆహారంగా కట్టించారు. రాళ్లు మోసినవాళ్లకు కూడు దొరికింది. లోపల సిలువ దృశ్యం ఉన్న రంగుటద్దాల కిటికీ ఉంది. బయట వెలుగు ఉంటేనే ఆ బొమ్మ కనిపిస్తుంది. లోపల ఎన్ని దీపాలు పెట్టినా లాభం లేదు. పగలే వెళ్లండి.

ఏడో పని: మౌనం, చప్పుడు

కాగితం మీద "మౌనం, రెండు నిమిషాలు" అని రాయడం తేలిక. ఆచరణలో ఇరవై సెకన్లకే ఎవరో "స్తోత్రం" అంటారు, కీబోర్డు వాయించే అబ్బాయి వేళ్లు ఊరుకోవు. అందుకే ఆరాధన మొదట్లోనే చెప్పండి: "మధ్యలో నిశ్శబ్దం వస్తుంది. మైకు చెడిపోలేదు. ఎవరూ నింపనక్కర్లేదు." కీబోర్డు స్విచ్చి ఆపించండి. నడిపించే మనిషి గడియారం చూస్తూ నిజంగానే రెండు నిమిషాలు ఆగాలి. మొదటిసారి అది పది నిమిషాలనిపిస్తుంది.

ఒక ఏడాది నాలుగో మాట తర్వాతి మౌనంలో పక్క మసీదు నుంచి అజాన్ మొదలైంది. సౌండు చూసే కుర్రాడు నా వైపు చూశాడు, వాల్యూము పెంచనా అన్నట్టు. వద్దని తల ఊపాను. అజాన్ పూర్తయ్యేదాకా అందరం తల వంచుకుని కూర్చున్నాం. తర్వాత ప్రార్థన చేయాల్సిన అయ్యగారు కాసేపు గొంతు సవరించుకున్నారు.

లౌడ్‌స్పీకరు బయట పెట్టాలంటే పోలీసుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్సు. బయట పెట్టకపోతే ఇంకా మంచిది. లోపల వినపడితే చాలు.

ఎనిమిదో పని: మనుషుల ఒళ్లు

ఉపవాసం ఉన్నవాళ్లలో షుగరు జబ్బు ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. ముందు ఆదివారమే ప్రకటనల్లో చెప్పండి: మందులు వాడేవాళ్లు డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి, తిని వచ్చినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. తలుపు దగ్గర నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక నర్సు లేదా ఆ పని తెలిసినవాళ్లు ఉండాలి. పెద్దవాళ్ల కుర్చీలు ఫ్యాను కింద వేయండి. కరెంటు పోతే మైకు లేకుండా చదవగలిగే గొంతు ఎవరిదో ముందే తేల్చుకోండి. మూడు గంటలు కూర్చోలేనివాళ్లు మధ్యలో వచ్చి పోవచ్చని చెప్పేయండి, పాట జరుగుతున్నప్పుడు కదిలితే చాలు. చిన్నపిల్లలకు పక్క గదిలో బొమ్మలు గీసే ఏర్పాటు చేసి, చివరి ఇరవై నిమిషాలకు లోపలికి తీసుకురండి.

ముగింపు: గేటు దగ్గర

ఏడో మాట, "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." అది చదివాక బల్ల మీది గుడ్డ, పాత్రలు, పూలకుండీలు ఒక్కొక్కటే బయటికి తీసుకెళ్లాలి. తీసుకెళ్లేవాళ్లు తొందరపడకూడదు. చివరగా ఇద్దరు కర్రను ఎత్తుకుని నడవ మధ్యలోంచి గుమ్మం దాటి, కాంపౌండు గేటు దాకా మోసుకెళ్తారు. సంఘం లేచి వెనక నడుస్తుంది. పాట ఉండదు. చెప్పుల చప్పుడే ఉంటుంది. గేటు లోపలే ఆగండి. రోడ్డెక్కితే అది ఊరేగింపవుతుంది, దానికి వేరే అనుమతి కావాలి. పైగా మూడు గంటల ఎండలో తారు రోడ్డు మీద పెద్దవాళ్లను నడిపించలేం.

గేటు దగ్గర హెబ్రీయులకు రాసిన పత్రిక పదమూడో అధ్యాయం పన్నెండు, పదమూడు వచనాలు చదవండి. వ్యాఖ్యానం వద్దు. బస్సు హారను, పండ్లబండి కేక, పక్క షాపు షట్టరు అన్నీ వినిపిస్తాయి. వినిపించనివ్వండి, ఈ అంశానికి అవే నేపథ్యం. ఆశీర్వచనం ఆదివారానికి దాచుకున్న సంఘాలు ఉన్నాయి, మేమూ అలాగే చేస్తాం. కరచాలనాలు, ఫోటోలు, టీ లేవని ముందే ప్రకటించండి. జనం కర్ర పక్కనుంచి ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోతారు. కొందరు ముట్టుకుంటారు, కొందరు ముట్టుకోరు. దేనికీ సూచనలు ఇవ్వకండి.

శనివారం ఉదయం ఎవరో ఒకరు ఫోను చేస్తారు: "ఆ కర్ర ఇంకా గేటు దగ్గరే ఉందండి, చూడ్డానికి బాగాలేదు. లోపల పెట్టించనా?"

వద్దని చెప్పండి.